గోడ కొలిచిన మనిషి

"నేను పోయాక నన్ను మీ అమ్మ పక్కన పెట్టించమ్మా," అని తండ్రి అడిగినప్పుడు ఆమె సింకు దగ్గర నిలబడి ఆయన కట్టుడు పళ్ళు తోముతోంది. పై వరసా కింది వరసా రెండూ ఆమె చేతుల మీద తయారైనవే. ఆస్పత్రి వెనక సందులో ఒక చిన్న ల్యాబులో ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని అదే. డాక్టర్ల దగ్గర్నుంచి దవడల అచ్చులు వస్తాయి. వాటిలో ప్లాస్టరు పోస్తుంది, మైనంలో పళ్ళు గుచ్చుతుంది, గులాబీరంగు చిగుళ్ళు పోతపోసి, అరగదీసి, మెరుగు పెడుతుంది. అందుకే చర్చి సంఘంలో అందరూ ఆమెను పళ్ళమ్మ అంటారు. నోరన్నా, పాచి అన్నా, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న నిన్నటి అన్నమన్నా ఆమెకు రవ్వంత అసహ్యం లేదు. ఆ నోళ్ళు తెరిచి ఈ మనుషులు మాట్లాడే మాటలు వింటేనే ఆమెకు రోత.

తండ్రి మాట విని ఆమె కుళాయి కట్టేసింది. కిందటి వారమే డాక్టరు ఆమెను పక్కకి పిలిచి, నెలకు మించి కష్టమని చెప్పాడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషికి తన ఒళ్ళు తనకు తెలియదా?

"అమ్మ పక్కన అంటే గోడ అవతల నాన్నా," అంది.

"తెలుసు."

తెలియకేం. ఆ గోడ కొలిచింది ఆయనే.

సంఘానికి ఒక సమాధుల తోట ఉంది. ఒకప్పుడు ఒక్కటే తోట. ఇప్పుడు దాని నడిమధ్య ఛాతీ ఎత్తున ఇటుకల గోడ. ఇటువైపు పడుకున్నవాళ్ళు, సంఘం యేసు పోయాక పెంతెకొస్తు పండగ రోజున మేడగదిలో శిష్యుల మీద పరిశుద్ధాత్మ దిగినప్పుడు పుట్టిందని నమ్మినవాళ్ళు. అటువైపు పడుకున్నవాళ్ళు, అంతకు వేల ఏళ్ళ ముందు దేవుడు అబ్రాహామును పిలిచిన రోజే సంఘం మొదలైందని నమ్మినవాళ్ళు. నమ్మితే నమ్మారు, చచ్చినవాళ్ళ మధ్య గోడ దేనికని అడుగుతారేమో. దానికీ జవాబుంది. కడవరి బూర మోగినప్పుడు సంఘం ముందు లేస్తుందట, సంఘం పుట్టకముందు వాళ్ళు తర్వాత ఎప్పుడో లేస్తారట. ఆ రెండో పద్ధతి నమ్మేవాళ్ళను మన మధ్య పడుకోబెట్టుకుంటే ఆ రోజున వరస తప్పి గందరగోళం అవుతుందట! దేవదూతలకు లెక్క తేలదనుకున్నారో ఏమో. ఈ మాటలు పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, కుర్చీల్లో కూర్చుని మరీ అన్నారు.

దీనంతటికీ మూలం ఒక్క మార్కు ప్రశ్న. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఆదివారం బడి పిల్లలకు పరీక్ష పెట్టారు. బడిలో పాఠాలు చెప్పేది పళ్ళమ్మ తల్లి. పేపర్లు దిద్దేది తండ్రి, అప్పట్లో ఆయన సర్వే ఆఫీసులో సర్వేయరు, సంఘంలో పెద్ద. "సంఘము ఎప్పుడు ప్రారంభమైనది?" అన్న ప్రశ్నకు పదిహేడు మంది పిల్లలూ టీచరమ్మ చెప్పినట్టే అబ్రాహాము పేరు రాశారు. సర్వేయరు గారు పదిహేడు పేపర్ల మీదా ఎర్ర సిరాతో ఇంటూలు కొట్టారు. అందులో సొంత కూతురి పేపరు కూడా ఉంది. పిల్లలు ఏడుస్తూ ఇళ్ళకు పోయారు, పై ఆదివారానికి తల్లులూ తండ్రులూ చేతులు మడిచి వచ్చారు. పునాది వెయ్యకముందే ఇల్లుంటుందా అని ఒకళ్ళు. దేవుడు పిలిచిన మంద మొదట్నుంచీ ఒకటే కాదా అని ఇంకొకళ్ళు. ఏడాది తిరిగేసరికి రెండు సంఘాలు, రెండు తాళాలు, తోటలో ఒక గోడ. అక్కడితో ఆగారా? సంఘం పౌలు గారితోగానీ మొదలు కాలేదని పదకొండు మంది విడిపోయి టైర్ల కొట్టు మేడ మీద కూడుకుంటున్నారు. సముద్రం ఒడ్డున యేసు పిలుపు విని జాలర్లు వలలు వదిలేసిన పూటే మొదలైందని ఒక ముసలాయన ఒక్కడే తన ఇంట్లో తనే సంఘం. వాళ్ళలో ఇంకా ఎవరూ పోలేదు కాబట్టి మూడో గోడ, నాలుగో గోడ లేవలేదు, అంతే.

గోడ కోసం గూటాలు పాతింది, గొలుసు పట్టి కొలిచింది తండ్రి. అంగుళం తేడా రానివ్వలేదు. గోడతో పాటు, ఎవర్ని ఎటువైపు పెట్టాలో తొమ్మిది నియమాలు కూడా ఆయనే రాశాడు, అవతలివాళ్ళు కూడా వాటినే మక్కికి మక్కి దించుకున్నారు.

తల్లి అటువైపే ఉండిపోయింది. వాదించే మనిషి కాదు. "సారా, హాగరు, రూతు, ఆ పాత నిబంధన ఆడవాళ్ళంతా బయటివాళ్ళంటే నేనింక ఎవరితో కష్టం సుఖం చెప్పుకోను?" అని ఒక్కసారి అంది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళు ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు ఆదివారం పొద్దున ఒకే గుమ్మం దిగి, ఒకరు కుడికీ ఒకరు ఎడమకీ నడిచారు. రాత్రి ప్రార్థన ఆయన ముందు గదిలో, ఆవిడ వంటగదిలో. అన్నం ముందు ఆవిడ కళ్ళు మూసుకుంటే ఆయన గోడ గడియారం వంక చూసేవాడు. కూతురు తల్లితోపాటు అటువైపు వెళ్ళేది. ఆమెకు వచ్చిన రెండు సంబంధాలవాళ్ళూ అమ్మాయికి వంటొచ్చా అని అడగలేదు, అమ్మాయి ఏ వైపు అని అడిగారు. ఛీ, మీరూ వద్దు మీ సంబంధమూ వద్దని ఆమె ఊరుకుంది. తల్లి పోయాక ఏ వైపుకీ వెళ్ళడం మానేసింది.

తల్లి పోయి తొమ్మిదేళ్ళు. ఆఖరి రోజుల్లో ఆవిడ మంచం మీంచి కూతుర్ని అడిగింది: "మీ నాన్న ఒక్కసారి నా పక్కన కూచుని ప్రార్థన చేస్తాడేమో అడుగు." అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. "నా మనస్సాక్షి ఒప్పుకోదమ్మా. నమ్మనిదానికి ఆమెన్ అనలేను," అన్నాడు. సమాధి రోజున కూడా గేటు బయట, రోడ్డు మీద, గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. లోపల పెట్టెను దించుతుంటే తాళ్ళ చప్పుడు రోడ్డుదాకా వినపడింది. ఆయన అడుగు కదపలేదు.

ఆ రోజు ఆమెకు తండ్రిని చూస్తే ఒళ్ళంతా కంపరమెత్తింది. అయినా తొమ్మిదేళ్ళుగా ఆయన్ని తన దగ్గరే ఉంచుకుని, ఒళ్ళు తుడిచి, పళ్ళు తోమి, మందులు పోస్తోందంటే ఒకే ఒక్క మాట పట్టుకుని: మూర్ఖుడే, మొండివాడే, కానీ అబద్ధం ఆడే మనిషి కాదు. నమ్మినదాని కోసం పెళ్ళాన్నే వదులుకున్నాడు. తప్పో ఒప్పో, నిజంగా నమ్మాడు. ఆ మాటే లేకపోతే ఆమె ఆయన మొహం చూసి ఉండేది కాదు.

అందుకే ఆయన అమ్మ పక్కన పెట్టించమని అడగ్గానే ఆమెకు పాత కోపం సగం తగ్గింది. ఇన్నాళ్ళకు ఈ మనిషి ఒక మెట్టు దిగాడు. ఎలాగైనా సరే, ఆ ఇద్దర్నీ ఒకచోట పడుకోబెట్టాలి.

మర్నాడు ల్యాబుకు మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి కాంపౌండరు దగ్గరికి వెళ్ళింది. ఆయన అబ్రాహాము వైపు సంఘానికి కార్యదర్శి. ఆస్పత్రిలో రిటైరయ్యాక మందుల షాపు పెట్టుకున్నాడు. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, మాత్రల అట్టలు కత్తిరిస్తూ ఆమె చెప్పిందంతా విన్నాడు. వింటున్నకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది.

"సర్వేయరు గారా! మా వైపుకా!" అన్నాడు. పక్కన దగ్గుమందు కోసం నిలబడ్డ మనిషి కూడా తిరిగి చూశాడు. "ఎంత మంచి మాట చెప్పావమ్మా. ఆఖరికి ఆయనకీ వెలుగొచ్చిందన్నమాట!"

"వెలుగూ గిలుగూ కాదండీ. మా అమ్మ పక్కన చోటుంది కదా. అక్కడ పెట్టమంటున్నారు, అంతే."

"పెడదాం. ఎందుకు పెట్టం? కాకపోతే నియమాలు ఉన్నాయి కదా," అని సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. "ఇద్దరు పెద్దల ముందు నోటితో ఒప్పుకోవాలి, సంఘం అబ్రాహాముతో మొదలైందని. తర్వాత పక్క సమాధివాళ్ళ రక్తసంబంధి ఒకరు అంగీకారం సంతకం పెట్టాలి. అది నువ్వే కాబట్టి చిక్కులేదు. ఈ నియమాలు మీ నాన్నగారు రాసినవే. మేం ఒక్క అక్షరం మార్చలేదు."

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా అవసరం తనది. "కాంపౌండరు గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ఒప్పుకోలు ఒక్కటీ వదిలెయ్యండి. ఆ మాట అనాల్సొస్తే ఆయన ప్రాణం అప్పుడే పోతుంది. పెళ్ళాం సమాధిలోకి దిగుతుంటే కూడా గేటు దాటని మనిషి. మీకు తెలీదా?"

"తెలుసమ్మా. అందుకే ఆయన నోటితో వినాలని ఉంది," అన్నాడు కాంపౌండరు, చప్పరిస్తున్న బిళ్ళను ఈ దవడ నుంచి ఆ దవడకు మారుస్తూ. "ముప్ఫై ఏళ్ళు మమ్మల్ని గుడ్డివాళ్ళన్నాడు. ఒక్క మాట అనమను. అంతకంటే ఏమీ అడగడం లేదుగా?"

ఆయన పెదాల మూలన తెల్లగా నురగ చేరింది. ఎన్ని నోళ్ళు చూసిందో లెక్కలేని ఆమెకు, జన్మలో మొదటిసారి, ఒక నోటిని చూస్తే అసహ్యం వేసింది. కాగితం తీసుకుని బయటపడింది.

ఇంటికొచ్చి తండ్రికి షరతు చెప్పింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. లోపల ఎంత నలిగిపోతున్నాడో అనుకుని ఆమె దుప్పటి సర్ది, కిటికీ రెక్క దగ్గరగా వేసింది.

కబురు ఎలా పాకిందో, మూడో రోజుకల్లా ప్రెస్సాయన దిగాడు. ఆయన పెంతెకొస్తు వైపు సంఘానికి పెద్ద, పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు ఉంది. చెప్పులు గుమ్మంలో విప్పుతూనే మొదలుపెట్టాడు.

"ఏమిటమ్మా ఈ అన్యాయం? సర్వేయరు గార్ని అటు మోసుకుపోదామనుకుంటున్నారా? మాకు తలెత్తుకునే దారి ఉంటుందా? ఆయన కోసం మొదటి వరసలో, గేటు పక్కనే, చోటు అట్టే పెట్టాం. రాయి మీద చెక్కించే మాటలు కూడా అయిపోయాయి, చూడు."

సంచీలోంచి పెద్ద కాగితం తీసి మంచం మీద, రోగి కాళ్ళ మీదుగా, పరిచాడు. చుట్టూ పూలతీగ అంచు. పుట్టిన తేదీ ఉంది. పోయిన తేదీకి చుక్కలు పెట్టి ఖాళీ వదిలారు. కింద పెద్ద అక్షరాల్లో: "సంఘము పుట్టిన దినమును కాపాడిన యోధుడు."

"ఆ చుక్కల్లో ఏ తేదీ వేద్దామని వచ్చారు?" అని అడిగింది ఆమె.

ప్రెస్సాయన నీళ్ళు నమిలాడు. "అబ్బే, అది ఊరికే నమూనా..."

"బతికున్న మనిషి కాళ్ళ మీద సమాధిరాయి పరిచారు. సిగ్గుందా అండీ మీకు? తియ్యండి."

"నీకు కోపం వచ్చినట్టుంది. నేను సర్వేయరు గారితోనే మాట్లాడతాను."

"ఆయన పళ్ళు పెట్టుకోలేదు, మాట్లాడరు. మీరు దయచెయ్యండి."

ఆయన కాగితం చుట్టుకుంటూ, ఆ రోజున బూర మోగితే ఎవరెక్కడ ఉంటారో చూద్దువుగానిలే అని సణుక్కుంటూ మెట్లు దిగాడు. ఆమె గది తలుపు బార్లా తెరిచి, నేల ఫినాయిలుతో రెండుసార్లు తుడిచింది. తండ్రి అంతసేపూ కప్పు వంక చూస్తూ పడుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కాంపౌండరు వచ్చాడు. రెండో పెద్దగా తన తోడల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ కొత్త బట్టలు కట్టుకున్నారు. తోడల్లుడు గది అంతా కలియచూసి, "ఫొటో ఒకటి తీసుకోవచ్చా?" అని అడిగాడు. ఆమె చూసిన చూపుకు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

పొద్దుట్నుంచీ ఆమెది ఒకటే భయం. తండ్రి ఆ మాట అనలేక ఉక్కిరిబిక్కిరైతే ఏం చెయ్యాలి? అనేసి ఏడిస్తే? అవమానంతో గుండె ఆగిపోతే? ఆక్సిజన్ సిలిండరు మంచం పక్కకి జరిపింది. అనలేనని ఆయనంటే ఈ ఇద్దర్నీ మెడపట్టి గెంటేసి, ఆ గోడకే ఒక గునపం తీసుకెళదామని కూడా ఆలోచించి పెట్టుకుంది.

"పళ్ళు ఇయ్యమ్మా," అన్నాడు తండ్రి.

గ్లాసులోంచి తీసి, తడి తుడిచి, ఆమె ఆయన నోట్లో పెట్టింది. ఆయన దవడ అటూ ఇటూ ఆడించి సరిచూసుకున్నాడు. దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

కాంపౌండరు గొంతు సవరించుకున్నాడు. "సర్వేయరు గారూ, ఇద్దరు పెద్దల ఎదుట అడుగుతున్నాం. సంఘం ఎప్పుడు మొదలైంది?"

"అబ్రాహామును పిలిచినప్పుడు," అన్నాడు ఆయన.

గుక్క తిప్పుకోలేదు. మంచినీళ్ళు ఇమ్మన్నంత మామూలుగా అన్నాడు. కాంపౌండరు కూడా ఇంకేదో పెద్ద దృశ్యం చూడబోతున్నానని ముందుకు వంగినవాడు, కాస్త నిరాశగా వెనక్కి వాలాడు.

"అంతేనా? మనస్ఫూర్తిగానే అంటున్నారు కదా?"

"మనస్ఫూర్తిగానే. ఇప్పుడు మారిందేం కాదు. చాలా కాలమైంది."

కాంపౌండరు మొహం మళ్ళీ వికసించింది. "చూశావా అమ్మా! ఇంకేం, సంతకం పెట్టెయ్యి," అని పెన్ను మూత తీసి ఆమె చేతికిచ్చాడు.

ఆమె పెన్ను పట్టుకుంది. కాగితం మీద తన పేరు రాయాల్సిన చోటు కనిపిస్తూనే ఉంది. తల ఎత్తి తండ్రిని చూసింది.

"చాలా కాలమంటే ఎంత నాన్నా?"

"ఎందుకులే."

"చెప్పు. ఎంత కాలం?"

ఆయన వేళ్ళు దుప్పటి అంచు మడతపెట్టాయి. "పన్నెండేళ్ళు అవుతుందేమో. రిటైరయ్యాక ఖాళీగా ఉండి మళ్ళీ మొదట్నుంచీ చదివాను. మీ అమ్మ చెప్పినదాంట్లో తప్పేం కనపడలేదు. మొండిగా కాదన్నాను గానీ..."

పన్నెండేళ్ళు. తల్లి పోయి తొమ్మిది. లెక్క కట్టడానికి ఆమెకు వేళ్ళు అక్కర్లేకపోయింది.

"అమ్మ బతికుండగానే తెలుసా నీకు?"

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"అమ్మ నిన్ను పక్కన కూచుని ప్రార్థన చెయ్యమని అడిగింది. నేనే వచ్చి నిన్ను అడిగాను. మనస్సాక్షి ఒప్పుకోదన్నావు. అప్పటికి నువ్వా మాట నమ్మట్లేదా?"

"ఎలా చెప్పమంటావమ్మా?" తండ్రి గొంతు చిన్నదైపోయింది. "నా చేత్తో కొలిచిన గోడ. అంతమంది నా మాట విని వచ్చారు. నేనే తప్పన్నానంటే మొహం ఎక్కడ పెట్టుకోను? ఆ రోజు గేటు దగ్గర కూడా... అందరూ నన్నే చూస్తున్నారు కదా."

"అమ్మ కూడా చూసింది. మంచం మీంచి గుమ్మం వైపు మూడు రోజులు చూసింది."

తోడల్లుడు చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. ల్యాబులో అప్పుడప్పుడు ఒక అచ్చు వస్తుంది, పైకి అంతా బావుంటుంది, తీసి చూస్తే లోపల చీము అంటి ఉంటుంది. అలాంటప్పుడు ఆమె చేతులు కడుక్కుని మళ్ళీ పనిలో పడుతుంది. ఇప్పుడు చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా పోదనిపించింది. తొమ్మిదేళ్ళు తను నమ్మి, తన నోటితో తనకు తనే చెప్పుకుంటూ వచ్చిన మాట ఎంత పచ్చి అబద్ధమో అర్థమై, ఛీ అనుకుంది. ఆయన్ని చూసి మాత్రమే కాదు, తనను చూసుకుని కూడా.

పెన్నుకు మూత పెట్టి కాంపౌండరు చేతిలో పెట్టింది. "నేను సంతకం పెట్టను."

"అదేమిటమ్మా! పెద్దాయన ఒప్పుకున్నారు కదా. అంతా అయిపోయింది."

"ఆయన ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోలేదు. అవతలివాళ్ళు గేటు పక్కన చోటు అట్టే పెట్టారు, రాయి కూడా రాసుకున్నారు. అక్కడికే తీసుకెళ్ళమనండి."

"నువ్వూ ఇలా పట్టుబడితే ఎలా? మొగుడూ పెళ్ళాం చచ్చాకైనా ఒకచోట ఉండొద్దా?"

"ఆ మాట మీరంటున్నారా, కాంపౌండరు గారూ?" అంది ఆమె. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తోడల్లుణ్ణి మోచేత్తో పొడిచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

గదిలో తండ్రీ కూతురూ మిగిలారు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. "నా మీద దయలేదామ్మా నీకు? ఇంకెన్నాళ్ళుంటాను? ఒక్కటే అడిగాను."

"అమ్మ కూడా ఒక్కటే అడిగింది నాన్నా."

నాలుగు గంటల మందు వేళయింది. ఆమె సీసా ఊపి, చెంచాలో పోసి, ఆయన మెడ కింద చెయ్యి వేసి లేపి, తాగించింది. మూతి తుడిచి మళ్ళీ పడుకోబెట్టింది. ఆ తర్వాత ఆయన ఇరవై రెండు రోజులు బతికాడు. ఇరవై రెండు రోజులూ ఆమె ఒక్క పూట మందు తప్పించలేదు, కాంపౌండరు నాలుగుసార్లు కాగితం పంపితే నాలుగుసార్లూ సంతకం లేకుండానే తిప్పి పంపింది.